అక్కయ్య అలిగిన పడవ

"చిన్నమ్మా, అమ్మ అలిగింది. నువ్వే ఎట్లాగైనా సర్దిచెప్పాలి" అంటూ అమెరికా నుంచి ఫోన్ చేశాడు మా అక్క కొడుకు. హిందూపురంలో నేను అప్పుడే చింతపండు ముందేసుకుని గింజలు తీస్తున్నాను.

సంగతేమిటంటే, విస్కాన్సిన్ రాష్ట్రంలో ఇంటి దగ్గర సరస్సు ఉంది కదా అని వాడో పాత మోటారు పడవ కొన్నాడు. ఇరవై అడుగుల పొడుగు. వాడొక్కడే వెళ్తే పక్షిలా దూసుకుపోతుందట. ఆ ఆదివారం ఇంటిల్లిపాదీ ఎక్కారు. అక్కయ్య వెనక మెత్తని సీటు చూసుకుని కూర్చుంది. పడవ ముక్కు ఆకాశం వైపు లేచింది, తోక నీళ్ళలో కూరుకుపోయింది. ఇంజన్ గోలే తప్ప వేగం లేదు. "అమ్మా, నువ్వు కాస్త ముందుకొచ్చి కూర్చో" అన్నాడు వీడు. "అవ్వ బరువెక్కువ!" అని మనవడు కిలకిలా నవ్వాడు. అంతే, ఆ రోజు నుంచి ఆవిడ ఒడ్డు దిగలేదు. "నన్ను మోయలేని పడవలో నాకేం పని? నేను రానప్పా" అందట.

మా అక్కయ్య మామూలు మనిషి కాదు. బావ పోయాక ధర్మవరం చీరల మూటలు చేత పట్టుకుని రైలెక్కి, పెనుకొండలో దిగి, హిందూపురంలో దిగి, గడపగడపకూ తిరిగి అమ్మి వీణ్ణి చదివించింది. అన్ని బరువులు మోసిన మనిషిని చివరికి "బరువు" అంటే మనసు నొచ్చుకోదూ?

"పెద్ద ఇంజన్ వేయిద్దామనుకుంటున్నాను చిన్నమ్మా" అన్నాడు వీడు.

"తొందరపడకు, రెండు రోజులాగు" అన్నాను. నాకేదో తెలుసని కాదు. పుస్తకాలు తిరగేసే అలవాటు ఉంది కాబట్టి.

మా కరువు సీమ వాళ్ళకు పడవంటే పుట్టి. వెదురు బుట్టకు తోలు తొడిగిన గుండ్రటి పడవ. కృష్ణదేవరాయల కాలంలో, సుమారు 1520లో, డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు విజయనగరానికి వచ్చి వీటి గురించి రాసిపెట్టాడు. పదిహేను ఇరవై మంది పడతారట. అవసరమైతే గుర్రాల్నీ ఎద్దుల్నీ దాటిస్తారట. కానీ తిన్నగా పోవు, ఎప్పుడూ గిరగిరా తిరుగుతూనే ఉంటాయట. ఈ రాజ్యంలో ఏరున్న చోటల్లా ఇవే తప్ప వేరే పడవలు లేవన్నాడు. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత ఆ రాజ్యానికి రాజధాని అయింది మన పెనుకొండే. పుట్టిలో ఎవరినీ "నీ బరువెక్కువ" అనరు. ఎంత బరువెక్కితే అంత నీటిని పక్కకు తోసి, ఆ మేరకు మునిగి తేలుతుంది. అయితే దానికి వేగంతో పని లేదు.

వేగం కావాలంటే కథ మారుతుంది. చిన్నప్పుడు ధర్మవరం చెరువు గట్టు మీద నుంచి పెంకులు విసిరేవాళ్ళం, గుర్తుందా? మెల్లగా వేస్తే బుడుంగుమని మునిగేది. పలచటి పెంకును ఏటవాలుగా, జోరుగా విసిరితే నీటి మీద కప్పలా గెంతుకుంటూ పోయేది. వేగం పడవ చేసేదీ అలాంటి పనే. ఒక స్థాయి దాటాక అది నీటిని చీల్చుకుంటూ పోదు, నీటి మీదికి లేచి జారుతుంది.

ఆ లేవడంలోనే ఉంది తంటా అంతా. పడవ కదిలితే ముందు ఒక అల పుడుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడుగు సాగుతుంది. ఇరవై అడుగుల పడవ గంటకు 11 కిలోమీటర్ల దాకా వెళ్ళేసరికి ఆ అల కూడా పడవంత పొడుగవుతుంది. అంతకు మించాలంటే పడవ తాను పుట్టించిన అలనే గుట్ట ఎక్కినట్టు ఎక్కాలి. అప్పుడే ముక్కు లేస్తుంది, తోక కూర్చుంటుంది. గుట్ట దాటితే మళ్ళీ చదునే.

1872లో ఇంగ్లండులో రామస్ అనే పల్లెటూరి చర్చి ఫాదరీ ఒకాయన, పడవ అడుగును మెట్టులా మలిస్తే అది నీటి మీదికి లేచి జారుతుందని నౌకాశాఖకు రాశాడు. విలియం ఫ్రౌడ్ అనే ఇంజనీరు చిన్న చిన్న నమూనాలు చేసి నీళ్ళ తొట్టిలో లాగించి చూశాడు. ఆనాటి బరువైన ఆవిరి యంత్రాలు అందుకోగల వేగంలో ఈ పడవ మామూలు పడవ కన్నా కష్టంగా నడుస్తుందని తేల్చాడు. ఫాదరీగారి ఊహ తప్పు కాదు. దాన్ని లేపగల తేలికపాటి ఇంజను అప్పటికింకా పుట్టలేదు, అంతే.

అది పుట్టిన చోట్లలో మా వాడుండే రాష్ట్రమూ ఒకటి. అక్కడ మిల్వాకీ నగరంలో ఓలే ఎవిన్‌రూడ్ అని నార్వే నుంచి వచ్చిన మెకానిక్ ఉండేవాడు. ఓ ఎండపూట ప్రియురాలు బెస్ ఐస్‌క్రీం అడిగితే, సరస్సు అవతలికి తెడ్డు వేసుకుంటూ వెళ్ళి తెచ్చాడనీ, తెచ్చేసరికి అది కాస్తా కరిగిపోయిందనీ చెప్పుకుంటారు. ఆ పట్టుదలతో పడవ వెనక తగిలించే మోటారు ఒకటి తయారు చేసి 1909లో అమ్మకం మొదలుపెట్టాడు. ఇలాంటి ప్రయత్నాలు అంతకు ముందు చేసినవాళ్ళూ లేకపోలేదు. కానీ దీన్ని జనంలోకి తీసుకుపోయింది, అప్పటికి ఆయన భార్య అయిన బెస్ అమ్మగారే. లెక్కలు, ఉత్తరాలు, ప్రకటనలు అన్నీ ఆవిడ చేతిమీదుగానే నడిచాయి. 1921లో అల్యూమినియం వాడి మరింత తేలికైన మోటారు తెచ్చారు. బరువు తగ్గి బలం పెరిగేసరికి మామూలు సంసారుల పడవలు కూడా నీటి మీద జారడం నేర్చుకున్నాయి.

అయితే ఒక చిక్కు మిగిలింది. ఇంజన్ పడవ కొసన, వెనకే వేలాడుతుంది. ఈనాటి 150 గుర్రాల బలమున్న ఇంజన్ 200 కిలోల పైమాటే. అంటే మా అక్కయ్య లాంటి వాళ్ళు ముగ్గురు వెనక ముందే కూర్చుని ఉన్నారన్నమాట! నింద మాత్రం నాలుగో మనిషి మీద పడింది. ఇంకా పెద్ద ఇంజన్ వేస్తే బలం పెరగొచ్చు గానీ, వెనక బరువూ దాంతో పెరుగుతుంది.

దీనికి తేలిక ఉపాయాలున్నాయి. పడవ వెనక అంచుకు అటొకటి ఇటొకటి రెండు లోహపు రేకులు, తలుపు రెక్కల్లా బందులతో బిగిస్తారు. వాటిని కిందికి వంచితే నీరు కిందికి మళ్ళుతుంది, తోక పైకి లేస్తుంది, ముక్కు దిగుతుంది. గుట్ట ఎక్కడం సులువవుతుంది. లేదా ఇంజన్ కింది భాగానికి చేప రెక్కలాంటి పలక తగిలిస్తారు. అదీ తోకనే ఎత్తుతుంది. అతి పనికిరాదు సుమండీ. రేకులు మరీ వంచితే ముక్కు నీళ్ళలో గుచ్చుకుని పడవ చెప్పినట్టు వినదు. వేగం అందుకున్నాక వాటిని పైకి తీసేయాలి.

ఇదంతా వాడికి చెప్పి, "ముందు రేకులు బిగించు. అంతకన్నా ముందు మీ అమ్మకు చెప్పు, తప్పు ఆవిడది కాదని" అన్నాను.

"ఆ మాట నువ్వు చెప్తేనే నమ్ముతుంది చిన్నమ్మా" అన్నాడు.

చెప్పాను. అక్కయ్య అంతా విని, "ఇంజనే మూడు నా బరువుంటుందటనా?" అని రెండుసార్లు అడిగి నిర్ధారణ చేసుకుంది. ఆ గొంతులోని తృప్తి ఏడు సముద్రాలు దాటి వినిపించింది.

మూడు వారాలకు ఫోటో వచ్చింది. అక్కయ్య అదే వెనక సీట్లో, ధర్మవరం చీర కొంగు గాలికి ఎగరకుండా బొడ్లో దోపుకుని కూర్చుంది. పడవ ముక్కు బుద్ధిగా చదునుగా ఉంది.

మా ధర్మవరాన్ని క్రియాశక్తి ఒడయరు తన తల్లి ధర్మాంబ పేరు మీద కట్టించాడని మా వైపు చెప్పుకుంటారు. అందరు కొడుకులూ తల్లి పేర ఊళ్ళు కట్టించలేరు. ఆవిడ కూర్చున్న చోటు నుంచి ఆవిడను లేపకుండా, పడవకే రెండు రేకులు బిగిస్తే చాలదూ?