సిమ్ములెన్ని, మనుషులెందరు?

మన దేశంలో సెల్‌ఫోను చరిత్ర రాద్దామని కూర్చుంటే మొదట అడ్డుపడేవి అంకెలే. ఒకే ఏడాదికి రెండు మూడు లెక్కలు దొరుకుతాయి. మాకు తోచినంతలో వాటిలో అబద్ధాలు తక్కువే. ఎవరు దేన్ని లెక్కపెట్టారన్నదే తేడా.

1995 జులై 31న కలకత్తా నుంచి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అదే తొలి సెల్‌ఫోను కాల్. మొదట్లో వాడినవాళ్ళు తక్కువ; మనకొచ్చిన కాల్‌కూ మనమే డబ్బు కట్టాలి మరి! 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక ఫోన్లు పెరిగాయి, పేచీలూ పెరిగాయి. 2004 మార్చికి జీఎస్ఎం ఫోన్లే లెక్కిస్తే సుమారు 2.6 కోట్లు. రిలయన్స్, టాటాల సీడీఎంఏ ఫోన్లు కలిపితే 3.3 కోట్లు దాటుతాయి.

అసలు చిక్కు 2011ది. ఆ మార్చిలో ట్రాయ్ లెక్కకు 81 కోట్ల మొబైల్ కనెక్షన్లు, జనాభా 121 కోట్లు. అంటే ముగ్గురిలో ఇద్దరికి ఫోను ఉన్నట్టు. కానీ 2011 జనగణన ప్రకారం మొబైల్ ఉన్న ఇళ్ళు నూటికి 59. ఇళ్ళ వివరాలు 2010లోనే సేకరించారు కాబట్టి కొంత తేడా అక్కడుంది. మిగతాది సిమ్ముల మాయ. ఆఫర్ కోసం కొని డబ్బాలో పడేసిన సిమ్మూ కనెక్షనే, రెండు సిమ్ముల ఫోను పట్టుకున్న మనిషీ ఇద్దరే. నిజంగా నెట్‌వర్క్‌లో పలుకుతున్న నంబర్లు అప్పట్లో పదింటికి ఏడే. 2012 మార్చిలో 91.9 కోట్లున్న లెక్క మరుసటి మార్చికి 86.8 కోట్లకు దిగింది. ఐదు కోట్లమంది ఫోన్లు పారేశారనుకునేరు! కంపెనీలు పలకని నంబర్లు తీసేశాయి, అంతే.

ఇక మన సంగతి. ఆంధ్రా సర్కిల్ అంకెను కొందరు తెలుగువాళ్ళ ఫోన్ల లెక్కగా రాస్తుంటారు. ఆ సర్కిల్లో తెలంగాణ ఉంది, యానాం ఉంది. హోసూరు తమిళనాడు సర్కిల్లో, బళ్ళారి కర్ణాటకలో, బరంపురం ఒడిశాలో, షోలాపూర్ మహారాష్ట్రలో పడతాయి. సర్కిల్ లెక్కకు భాష తెలియదు. కస్టమర్ కేర్‌లో తెలుగు కావాలని మనం పెట్టే అర్జీలో ఆ అంకె చూపిస్తే మొదటి ప్రశ్నకే కూలిపోతుంది. జనగణన మాతృభాష పట్టికలు జిల్లాలవారీగా ఉన్నాయి. ఎవరి జిల్లా అంకె వాళ్ళు అందులోంచి తీసి, ఏ ఏటి జనగణనో పక్కనే రాసి పంపండి. అర్జీకి వాటినే జతచేద్దాం.