మలుగు చేపలూ, సీసం బిరడా

పొగబండి బాయిలర్‌ను కాపాడే ఓ చిన్న సీసం బిరడా పుట్టుక వెనక, చేపలు పట్టడానికి పోయిన ఓ కుర్రాడున్నాడు. 1803 సెప్టెంబరులో, లండన్ పక్కనే గ్రీనిచ్‌లో, మిల్లు పునాదుల్లోంచి నీళ్లు తోడే ఆవిరియంత్రానికి అతనే కాపలా. మలుగు చేపల మీద మనసుపోయి, యంత్రాన్ని ఓ కూలీకి అప్పజెప్పి జారుకున్నాడు. జోరు మరీ పెరిగిందని కూలీ యంత్రాన్ని ఆపేశాడు గానీ, సేఫ్టీ వాల్వును లేవకుండా బిగించిపెట్టిన పానా తీయలేదు. బాయిలర్ పేలింది. నలుగురు పోయారు. ఆ పానా తీద్దామని సరిగ్గా అప్పుడే తిరిగొస్తున్న కుర్రాడు గాయాలతో బతికాడు.

ఆ యంత్రం రిచర్డ్ ట్రెవితిక్‌ది. ఎక్కువ పీడనంతో నడిచే యంత్రాలంటే గిట్టని బౌల్టన్-వాట్ కంపెనీ ఈ వార్తను ఊరూరా చాటుతుందని అతనికి తెలుసు. అందుకే ఒకటికి రెండు వాల్వులు పెట్టాడు. అదీ చాలదని సీసం బిరడా బిగించాడు. పైన నీళ్లున్నంతసేపూ సీసానికి ఏమీ కాదు. నీటిమట్టం తగ్గిందా, 327 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. ఆ కన్నంలోంచి ఆవిరి బుస్సుమంటూ పొయ్యిలోకి దూకి అందర్నీ అప్రమత్తం చేస్తుంది. కొద్ది నెలలకే, 1804 ఫిబ్రవరిలో, వేల్స్‌లోని పెనిడారెన్‌లో 10 టన్నుల ఇనుము లాగిన రైలింజనూ ఇతనిదే. బ్రిటన్‌లో నేటికీ నడుస్తున్న పాత ఇంజన్ల పొయ్యి కప్పులో ఈ బిరడా ఉంటుంది. రైల్వేల్లో ఇంత నిక్కచ్చి ఉద్యోగి మరొకరు లేరు. బతిమాలినా వినదు, తాడేసి కట్టినా ఆగదు.

వాల్వు సంగతి అలా కాదు. 1831లో అమెరికాలో ‘బెస్ట్ ఫ్రెండ్ ఆఫ్ చార్ల్‌స్టన్’ ఇంజను ఫైర్‌మన్, ఆవిరి రొద భరించలేక దాన్ని లేవకుండా చేసి ప్రాణాలే పోగొట్టుకున్నాడు. ఆపైన కంపెనీ చేసిన పని ఇంకా విడ్డూరం. ఇంజనుకీ ప్రయాణికులకీ మధ్య పత్తి బేళ్ల బండి తగిలించింది!

సర్కార్లు తీరిగ్గా మేల్కొన్నాయి. బ్రిటన్ 1840లో రైల్వే ఇన్‌స్పెక్టర్లను పెట్టింది. 1889లో ఐర్లాండ్‌లోని ఆర్మా దగ్గర రైలు ప్రమాదంలో 80 మంది చనిపోయాక గానీ ప్రయాణికుల బండ్లకు ఆటోమేటిక్ బ్రేకులు తప్పనిసరి కాలేదు. 1968లో బ్రిటన్ మెయిన్‌లైన్ల మీద ఆవిరి బండ్లు ఆగిపోయాయి. 1971లో ముచ్చటకోసం మళ్లీ పట్టాలెక్కాయి.

ముచ్చటతో పాటు పాత జబ్బూ వచ్చింది. 2015 మార్చి 7న ‘టాంగ్‌మీర్’ ఆవిరి ఇంజను ఇంగ్లండ్‌లోని వూటన్ బాసెట్ జంక్షన్ వైపు వస్తోంది. వేగం తగ్గించమన్న హెచ్చరికకు డ్రైవర్ సమయానికి స్పందించకపోవడంతో బ్రేకులు వాటంతటవే పడ్డాయి. బండి ఆగకుండా సిబ్బంది ఓ కాక్‌ను (చిన్న కవాటాన్ని) తిప్పేశారు. దాంతో ఎర్ర సిగ్నల్ దగ్గర ఆపే రక్షణా పోయింది. సిగ్నల్ దాటిపోయి, బండి జంక్షన్‌కు అడ్డంగా నిలిచింది. అంతకు 44 సెకన్ల ముందే ఓ హైస్పీడ్ రైలు అక్కడ దాటిపోయింది. నిర్వాహక సంస్థకు 2 లక్షల పౌండ్ల జరిమానా పడింది.

తర్వాతి గొడవ తలుపులది. హ్యారీ పోటర్ సినిమాల్లోని వంతెన మీదుగా స్కాట్లాండ్‌లో అదే సంస్థ నడిపే ‘జాకోబైట్’ పెట్టెలకు చేత్తో తీసే పాతకాలం తలుపులుండేవి. 1999 నిబంధనల ప్రకారం వాటికి సెంట్రల్ లాకింగ్ కావాలి. ఆ బండి ఏళ్ల తరబడి మినహాయింపుల మీదే నడిచింది. తలుపు తీసి, తల బయటపెట్టి, కంట్లో బొగ్గునలుసు పడేసుకునే భాగ్యం పోతుందని అభిమానుల బెంగ. అందులో కొంత న్యాయముంది. కదిలే బండిలోంచి జారిపడే భాగ్యం మాత్రం ఎవరడిగారు? మినహాయింపు కొనసాగించాలన్న సంస్థ వాదనను 2023 డిసెంబరులో హైకోర్టు కొట్టేసింది. 2024 ఏప్రిల్‌లో, నవంబరు దాకా చెల్లే తాత్కాలిక మినహాయింపుతో బండి మళ్లీ కదిలింది.