బిల్లులో ఒక్క సెంటు: డల్లాస్ రైలు కథ

బకాలాకు వెళ్లి సామాను కొంటే బిల్లు అడుగున వ్యాట్ అని ఒక లైను ఉంటుంది. యూఏఈలో, సౌదీలో 2018 జనవరి 1న అది నూటికి అయిదుతో మొదలైంది. సౌదీలో 2020 జులై నుంచి నూటికి పదిహేను అయింది. ఆ డబ్బు దేనికి వాడాలని మనల్ని ఎవరూ అడగలేదు. అడుగుతారని మనమూ అనుకోలేదు. అయితే అమెరికాలో కొన్ని ఊళ్ల జనం ఇలాంటి పన్నునే రైలు కోసం తమకు తాము ఓటేసి మరీ వేసుకున్నారు. అదీ ఎక్కడో కాదు, మన కరీంనగర్, గుంటూరు, కృష్ణా జిల్లాల పిల్లలు వేలకు వేలు వెళ్లి స్థిరపడిన డల్లాస్‌లో. ఈ వారం ఆ చరిత్ర చెప్పుకుందాం.

ముందు ఆ పన్ను సంగతి. టెక్సస్ రాష్ట్రంలో జీతం మీద రాష్ట్రం పన్ను వేయదు. అందుకని సరుకు అమ్మకం మీద వేసే పన్నే అక్కడ పెద్ద ఆధారం. వంద డాలర్ల వస్తువు కొంటే రాష్ట్రానికి ఆరుంబావు డాలర్లు పోతాయి. దాని మీద ఊరు రెండు డాలర్ల వరకు వేసుకోవచ్చు, అంతకు మించి ఒక్క సెంటు కూడా వేయకూడదని చట్టం. ఈ రెండు డాలర్ల హద్దును గుర్తు పెట్టుకోండి, కథంతా దాని చుట్టే తిరుగుతుంది. బియ్యం, పప్పు, కూరగాయల మీద పన్ను లేదు. హోటల్లో బిర్యానీ తింటే మాత్రం ఉంది. రైలు ఒప్పందంలో ఉన్న ఊళ్లో పది డాలర్ల బిర్యానీ తింటే అందులో పది సెంట్లు రైలుకు వెళ్తాయి.

1970ల చివరికి డల్లాస్ చుట్టూ శివారు ఊళ్లు విపరీతంగా పెరిగాయి. ప్లేనో, రిచర్డ్‌సన్, గార్లండ్, ఇర్వింగ్ ఒకప్పుడు పొలాల మధ్య చిన్న ఊళ్లు. రోడ్ల మీద కార్లు నిండిపోయాయి. 1980లో లోన్‌స్టార్ అనే పేరుతో ఒక రవాణా సంస్థ పెడదామని ఓటు పెడితే జనం వద్దన్నారు. మూడేళ్లు తిరిగి మళ్లీ వచ్చారు. 1983 ఆగస్టు 13న పద్నాలుగు ఊళ్లు ఒప్పుకున్నాయి. డాలరుకు ఒక సెంటు పన్ను, దానితో బస్సులు, 160 మైళ్ల రైలు అని ప్రణాళిక. సంస్థ పేరు డార్ట్. 1984 జనవరి నుంచి పన్ను వసూలు మొదలైంది.

పన్ను వెంటనే వచ్చింది గాని రైలు రాలేదు. 1988 జూన్‌లో డార్ట్ పెద్ద మొత్తంలో దీర్ఘకాలం అప్పు తెచ్చుకుని లైన్లు వేస్తామని జనం ముందుకు వచ్చింది. జనం కుదరదన్నారు. నాలుగేళ్లుగా కడుతున్నాం, ఒక పట్టా కూడా కనపడలేదు, ఇప్పుడు అప్పు కూడానా అని కోపం. ఆ మరుసటి ఏడాది, 1989లో, కాపెల్, ఫ్లవర్ మౌండ్ అనే రెండు ఊళ్లు ఓటేసి బయటకు వెళ్లిపోయాయి. ప్లేనోలో కూడా వెళ్దామా ఉందామా అని ఓటు పెడితే ఉందామనే వాళ్లు గెలిచారు. మొదటి రైలు కదిలింది 1996 జూన్ 14న, అదీ పదకొండు మైళ్లు మాత్రమే. అంటే పన్నెండేళ్లు దాటి కట్టిన తర్వాత. మన ఊళ్లో ఏ సర్కారు పని అయినా ఇంతే కదా అంటారేమో. తేడా ఏమిటంటే అక్కడ విసుగొస్తే ఊరు ఊరంతా ఓటేసి తప్పుకునే దారి ఉంది.

రైలు కంటికి కనపడ్డాక జనం మాట మారింది. 1988లో అప్పు వద్దన్న ఓటర్లే 2000 ఆగస్టులో మళ్లీ అప్పు అడిగితే నూటికి 77 మంది సరేనన్నారు. 2002లో రైలు గార్లండ్, ప్లేనో చేరింది. 2012లో ఇర్వింగ్ వెళ్లింది. 2014 ఆగస్టులో విమానాశ్రయం చేరింది. హైదరాబాద్ నుంచి పెద్ద పెట్టెలతో దిగిన అమ్మానాన్నలు రైలెక్కి కొడుకు ఇంటి దగ్గరి దాకా రావచ్చు. కొడుకులు ఎటూ కారులోనే తీసుకెళ్తారనుకోండి.

ఇక్కడ ఫ్రిస్కో సంగతి చెప్పాలి. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉన్న ఊరు, మన తెలుగు వాళ్లు ఎక్కువగా ఇళ్లు కొనుక్కున్న ఊరు. అక్కడికి డార్ట్ రైలు లేదు. కారణం ఆ రెండు సెంట్ల హద్దు. ఒక సెంటు ఊరి ఖర్చులకు, మిగిలిన సెంటును రెండు సగాలు చేసి కంపెనీలను, దుకాణాలను, ఆట మైదానాలను రప్పించే సంస్థలకు ఇచ్చారు. ఇక రైలుకు ఇవ్వడానికి సందు లేదు. పక్కనే ప్లేనో ఆ సెంటును రైలుకు కట్టింది. ఫ్రిస్కో దానితోనే కంపెనీలను పిలుచుకుని పెరిగింది. పక్క ఊరు మా దుకాణాలను లాక్కుంటోంది, మేమేమో రైలుకు కడుతున్నాం అన్న బాధ ప్లేనోలో అప్పటి నుంచీ ఉంది. ఆ బాధలో న్యాయం లేదని మేము అనం.

అయితే అసలు ప్రశ్న వేరే. పన్ను కట్టేది ఎవరు, రైలు ఎక్కేది ఎవరు, ఓటు వేసేది ఎవరు? సరుకు మీద పన్ను ధనవంతుడికీ పేదవాడికీ ఒకటే రేటు. వచ్చిన జీతమంతా ఖర్చయిపోయే వాడికి ఆ సెంటు బరువు, మిగిలే వాడికి తేలిక. ఈ ప్రశ్న మీద గట్టి పోరాటం జరిగింది డల్లాస్‌లో కాదు, లాస్ ఏంజిలిస్‌లో.

అక్కడ 1980లోనే అర సెంటు పన్నుకు ఓటేశారు. అందులో ముందు మూడేళ్లు బస్సు టికెట్‌ను యాభై సెంట్లకు దించారు. బస్సులు కిటకిటలాడాయి. 1985లో ఆ గడువు తీరాక డబ్బు శివారు రైళ్ల వైపు మళ్లింది, టికెట్ ధర పెరిగింది. 1990లో ఇంకో అర సెంటు వేశారు. 1994లో టికెట్ 1.35 డాలర్లు చేస్తామని, నెల పాసు ఎత్తేస్తామని రవాణా సంస్థ ప్రకటించింది. అదే సమయంలో పాసడీనా వైపు కొత్త రైలుకు కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ ఊళ్లో బస్సులెక్కేది ఎవరు? ఇళ్లలో పని చేసే ఆడవాళ్లు, బట్టల ఫ్యాక్టరీ వాళ్లు, హోటళ్లలో గిన్నెలు కడిగే వాళ్లు. సంస్థ ప్రయాణికుల్లో నూటికి 94 మంది బస్సుల్లో వెళ్లే వాళ్లే. వాళ్లు బస్సు ప్రయాణికుల సంఘం పెట్టుకున్నారు. బస్సుల్లోనే ఎక్కి స్పానిష్‌లో, కొరియన్ భాషలో, ఇంగ్లీషులో కరపత్రాలు పంచారు. 1964 పౌరహక్కుల చట్టం కింద కోర్టుకు వెళ్లారు.

కోర్టు ధరల పెంపును ఆపింది. 1996 అక్టోబరులో రాజీ ఒప్పందం అయింది. నెల పాసు 42 డాలర్లకు ఉంచాలి, కొత్తగా వారం పాసు 11 డాలర్లకు ఇవ్వాలి, బస్సుల్లో నిలబడే రద్దీ తగ్గించాలి. ఒప్పందం పదేళ్లు నడిచింది. ఆ బస్సులెక్కే వాళ్లలో చాలామందికి అమెరికా పౌరసత్వం లేదు, ఓటు లేదు. అయినా పన్ను కట్టారు కాబట్టి అడిగారు. మేము ఈ కథంతా ఎత్తుకున్నది ఈ ఒక్క ముక్క కోసమే.

మళ్లీ డల్లాస్‌కు వద్దాం. 2023 లెక్కల మీద చేయించిన ఒక పరిశీలనలో ప్లేనో ఏడాదికి 10 కోట్ల 90 లక్షల డాలర్ల పైన కట్టిందని, దాని మీద డార్ట్ ఖర్చు పెట్టింది 4 కోట్ల 40 లక్షలని తేలింది. గొడవ అక్కడ రాజుకుంది. ఊరి వాళ్లు పావు సెంటు వెనక్కి ఇవ్వమన్నారు. రైలు ఒక ఊరిలో ఆగిపోదు, పక్క ఊరికి వెళ్తేనే రైలు, అందుకని ఊరి వారీ లెక్క సరికాదని డార్ట్ వాదించింది. 2025 అక్టోబరు 25న ప్లేనో నుంచి విమానాశ్రయానికి 26 మైళ్ల సిల్వర్ లైన్ మొదలైంది. పట్టాల మీద కొత్త మెరుపు పోక ముందే, నవంబరులో ప్లేనో, ఇర్వింగ్, ఫార్మర్స్ బ్రాంచ్, హైలాండ్ పార్క్ నగర సభలు డార్ట్ నుంచి తప్పుకోవాలా అన్న ప్రశ్నను 2026 మేలో ఓటుకు పెట్టాలని తీర్మానించాయి.

ఇర్వింగ్‌లో, ప్లేనోలో మన పిల్లలు చాలామంది హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లు. పదేళ్లు, పదిహేనేళ్లు గ్రీన్‌కార్డు కోసం చూస్తూ ఫ్రిజ్ కొన్నప్పుడు, టీవీ కొన్నప్పుడు, బిర్యానీ తిన్నప్పుడు ఆ సెంటు కడుతూ వచ్చారు. ఇలాంటి ఓటు ఎప్పుడు వచ్చినా పౌరులకే. నగర సభలో మైకు దగ్గరికి వెళ్లి మాట్లాడడానికి మాత్రం పౌరసత్వం అక్కర్లేదు.

తప్పుకోవడం గురించి చట్టం చెప్పేది కూడా విచిత్రంగా ఉంటుంది. ఒక ఊరు ఓటేసి బయటకు వెళ్తే ఫలితం ఖరారైన మర్నాడే అక్కడ రైలు, బస్సు ఆగిపోతాయి. పన్ను మాత్రం ఆగదు, ఊరి వాటా అప్పు తీరేదాకా బిల్లులో పడుతూనే ఉంటుంది. కారున్న వాళ్లకు ఆ మర్నాడు మామూలు రోజే. ఉదయం అయిదింటికి హోటల్ వంటగదికి, ఆసుపత్రి ఊడవడానికి బయలుదేరి స్టాపులో నిలబడే వాళ్లు మాత్రం పనికి ఎలా వెళ్లాలో ముందు రాత్రే చూసుకోవాలి.