వీధికుక్కల సినిమాకు ఒక జమాఖర్చు

మన దేశంలో యానిమేషన్ చిత్రాల చరిత్ర చెప్పుకునేవారు సాధారణంగా రెండు మజిలీల దగ్గర ఆగుతారు. మొదటిది 1957. బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగంలో డిస్నీ చిత్రకారుడు క్లెయిర్ వీక్స్ మనవాళ్ళకు పని నేర్పి, ఒక జాతక కథను ‘ది బనియన్ డీర్’ అనే చిన్న చిత్రంగా తీయించిన కాలం అది. రెండోది 2005. ‘హనుమాన్’ విజయంతో నిర్మాతలకు ధైర్యం చిక్కింది. ఆ తరువాత ఎక్కువగా దేవుళ్ళే తెరకెక్కారు. కృష్ణుడు వచ్చాడు, హనుమంతుడు మళ్ళీ వచ్చాడు. మన సింగీతం శ్రీనివాసరావుగారు 2008లో తీసిన ‘ఘటోత్కచ్’ కూడా పురాణాల నుంచి వచ్చినదే.

అదే ఏడాది అక్టోబరు 24న, దీపావళి ముందు, ‘రోడ్‌సైడ్ రోమియో’ విడుదలయింది. దేవుడూ లేడు, రాజూ లేడు. ముంబై వీధిలో పడిన ఒక కుక్క కథ. యశ్‌రాజ్ ఫిల్మ్స్, వాల్ట్ డిస్నీ సంస్థలు కలిసి నిర్మించాయి. ‘మాసూమ్’లో చిన్నపిల్లవాడిగా నటించిన జుగల్ హంస్‌రాజ్ దర్శకుడు. బొమ్మలకు ప్రాణం పోసింది టాటా ఎలెక్సీ వారి విభాగం. ఇంత బలగం ఉన్నా సినిమా ఆశించినంత ఆడలేదు. ఈనాడు దాన్ని గుర్తుపెట్టుకున్నవారు తక్కువ.

నేను కామర్సు చదివినవాణ్ణి, బ్యాంకులో పద్దులు చూసేవాణ్ణి. వసూళ్ళ లెక్క నాకు చేదు కాదు. కాని ఒక్క ఖాతా చూసి మనిషి స్థితి తేల్చకూడదని మా వృత్తే నేర్పింది. ఈ చిత్రాన్ని వసూళ్ళతో తూచారు, అదే ఏడాది వచ్చిన ‘వాల్-ఈ’, ‘బోల్ట్’ల పక్కన నిలబెట్టి తూచారు. రెండు తూకాల్లోనూ తేలిపోయింది. 56వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో మాత్రం ఉత్తమ యానిమేషన్ చిత్రంగా నిలిచింది. అంతకు రెండేళ్ళ ముందు అదే పురస్కారం తెలుగు ‘కిట్టు’కు, మరుసటేడు తమిళ ‘ఇనిమే నాంగదాన్’కు దక్కిందన్నది మనం గుర్తుంచుకోదగ్గ సంగతి. నేను తూచదలచిన రాయి వేరు. వీధి గురించి తీసిన సినిమాకు ఆ వీధి తెలుసా?

ముంబై వీధికుక్కకు పెద్ద చరిత్రే ఉంది. 1832 జూన్‌లో కంపెనీ ప్రభుత్వ పోలీసులు ఊరకుక్కలను చంపించసాగారు. కుక్కకు ఇంత అని బహుమతి కూడా ఉండేది. కుక్కను పవిత్రంగా చూసే పార్సీలు తిరగబడ్డారు. బజార్లు మూతపడ్డాయి, సైన్యం దిగింది. కుక్క కోసం ఒక నగరం స్తంభించిన ఘటన అది. ఆ తరువాత చాలా కాలం చంపడమే పద్ధతిగా సాగింది. మద్రాసులో బ్లూక్రాస్ వారు 1960ల నుంచి సంతాన నిరోధక శస్త్రచికిత్సే దారి అని చెబుతూ వచ్చారు. చివరికి 2001లో కేంద్రం ఆ దారినే నియమాలుగా చేసింది. 2023లో కొత్త నియమాలు వచ్చాయి. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. అదే నెల 22న, టీకా వేసి, శస్త్రచికిత్స చేసి, రేబీస్ లేనివాటిని, కరిచే స్వభావం లేనివాటిని పట్టిన చోటే వదలమంది. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల వంటి చోట్ల పట్టినవాటిని మాత్రం తిరిగి అక్కడ వదలరాదంది. కరిపించుకున్న పిల్లల కన్నీరూ నిజమే, కుక్కకు వేరే చోటు లేకపోవడమూ నిజమే.

ఇప్పుడు సినిమా పద్దు చూద్దాం. జమ వైపు మొదటిది, కథ ఎత్తుగడ. రోమియో ధనవంతుల ఇంట పెరిగిన కుక్క. యజమానులు లండన్ వెళుతూ దాన్ని వీధిలో వదిలేశారు. వీధికుక్క ఎక్కడి నుంచి వస్తుందనే ప్రశ్నకు, మనిషి ఇంటి నుంచి కూడా వస్తుందని పిల్లలకు చెప్పడం చిన్న విషయం కాదు. రెండోది, రాత్రివేళ ముంబై. సందులు, గోడలు, దీపాలు కుక్క ఎత్తు నుంచి కనబడతాయి.

ఖర్చు వైపు బరువెక్కువ. రోమియోకు వీధిలో నలుగురు నేస్తాలు దొరుకుతారు, వారిలో ఒకటి పిల్లి. పుట్టినప్పటినుంచి వీధినే నమ్ముకున్నవాళ్ళు వాళ్ళు. అయినా తెలివి, అందం, ప్రేమ అన్నీ నిన్నగాక మొన్న వీధికి వచ్చిన రోమియోవే. మిగతావారు నవ్వించడానికి మిగిలారు. డిస్నీ 1955లో తీసిన ‘లేడీ అండ్ ది ట్రాంప్’లో వీధికుక్క చివరికి మెడకు పట్టీతో ఇంట్లో చేరుతుంది. ఇక్కడ ఇంటికుక్క వీధికి వచ్చి నాయకత్వం చేస్తుంది. రెండింటిలోనూ వీధి బతుకు తనంతట తాను కథ కాలేకపోయింది.

ఇక మనకు తగిలే పద్దు. వీధిని శాసించే దాదా కుక్క పేరు చార్లీ అన్న. జావేద్ జాఫ్రీ దానికి దక్షిణాది యాసతో గొంతు ఇచ్చారు, గొప్పగా ఇచ్చారు. నవ్వు రాకుండా ఉండదు. కాని ‘పడోసన్’లో (1968) మెహమూద్ మద్రాసీ సంగీతం మాస్టారుగా నవ్వించిన నాటినుంచి నలభై ఏళ్ళు గడిచినా హిందీ తెర మీద మన యాసకు దక్కింది రెండే వేషాలు, విదూషకుడు లేదా దాదా. అప్పట్లో నేను ముంబైలోనే పనిచేస్తున్నాను. సినిమా చూసి వచ్చిన మా భవనం పిల్లలు మావాణ్ణి ‘చార్లీ అన్నా’ అని పిలవసాగారు. వాడూ నవ్వాడు. కొన్నాళ్ళపాటు మెట్ల మీద నాతో హిందీలోనే మాట్లాడాడు.

ముంబైలో ‘అన్న’ అన్న పిలుపు ఇడ్లీ బండి దగ్గర రోజూ వినబడేదే. ఆ నగరాన్ని కట్టిన చేతుల్లో మన చేతులూ ఉన్నాయి. కామాఠీపురకు ఆ పేరు తెలంగాణ ప్రాంతం నుంచి వలసవచ్చిన కామాఠీ కూలీల వల్లే వచ్చింది. తమ్ముడి బరువు మోసేవాణ్ణి మన ఇళ్ళలో అన్న అంటాం. ఆ మాటను తెర మీద మామూళ్ళు వసూలుచేసేవాడికి అంటగడితే, పెద్దవాళ్ళు నవ్వి ఊరుకోవచ్చు. మన భాష బడిలో వినబడని చోట పెరిగే పిల్లవాడికి అది ఇంటి మాటను దాచుకోవాలనే పాఠమవుతుంది.

అయినా ఈ చిత్రాన్ని తోసిపుచ్చమని నేను అనను. పురాణం విడిచి వీధికి దిగిన సాహసాన్ని జమ కట్టాలి. పిల్లలకు చూపించండి, పక్కన కూర్చుని చూపించండి. వదిలేసిన యజమాని తప్పేమిటో అడగండి. చార్లీ అన్న వచ్చినప్పుడు వాళ్ళతోపాటు నవ్వండి. ఆ తరువాత అన్న అంటే ఎవరో మన భాషలోనే చెప్పండి. ఆ పని సినిమావాళ్ళు చేయరు, మనమే చేసుకోవాలి.