నాలుక కింద పొర, ఒంటి మీద చెయ్యి

పెదకూరపాడు గుంటూరు–నడికూడి రైలు మార్గంలోని మండల కేంద్రం. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడేదాకా గుంటూరు జిల్లాలోదే. ఆ గుంటూరుకు 1883లో లూథరన్ మిషన్ తరఫున వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్, 1898లో ఆడవాళ్లకూ పిల్లలకూ ఆస్పత్రి తెరిచారు. 1926లో మద్రాసు ప్రెసిడెన్సీ నర్సులకూ మంత్రసానులకూ ఒక చట్టం తెచ్చింది. అయినా ఈ పక్క పల్లెల్లో పురుళ్లు ఆ తర్వాత కూడా చాలాకాలం ఇళ్లలోనే, మంత్రసాని చేతుల మీదుగానే జరిగాయి; బిడ్డకు నూనె రుద్ది నీళ్లు పోసే లాల కూడా ఇంట్లోనే సాగేది. ఇవాళ నాలుక కింది పొర బిగుతుగా ఉండి పాలు తాగడం కష్టమైన పసిబిడ్డకు, దాన్ని కత్తిరించే ముందూ తర్వాతా ఆస్టియోపతి అనే చేతి వైద్య పద్ధతిలో ఒళ్లు సర్దించాలన్న సలహా అనేక దేశాల్లో వినిపిస్తోంది. మన పాత లాలకు ఇది దగ్గరి చుట్టమే. చేతి సేవకు విలువ ఉంది. కానీ ఆ పొరకు అది అప్పుడూ వైద్యం కాదు, ఇప్పుడూ కాదు.

లాల పోసే ఆవిడ పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను వాటి మీద బోర్లా పడుకోబెట్టుకునేది. నువ్వుల నూనెతో వీపు, మెడ, దవడలు రుద్దేది. తల గుండ్రంగా రావాలని అరచేత్తో ఒత్తేది, మాడుకు నూనె అంటేది, వేణ్నీళ్లు పోసి సాంబ్రాణి పొగ వేసేది. మాట స్పష్టంగా రావాలని వసకొమ్మును కాల్చి, సానమీద అరగదీసి, తల్లిపాలతో కలిపి నాలుకకు రాసేవారు. తల ఒత్తడానికీ వస రాయడానికీ ఆధారం లేదు. అసలు ప్రయోజనం మరోచోట ఉంది: రోజూ బిడ్డను తడిమే అనుభవమున్న చెయ్యి బరువు పెరుగుతున్నదీ లేనిదీ పసిగట్టేది, ఆ కాసేపు బాలింతకు నడుం వాల్చే వీలు దొరికేది.

ఆస్టియోపతికి ఆద్యుడు ఆండ్రూ టేలర్ స్టిల్. 1892లో అమెరికాలోని కిర్క్స్‌విల్‌లో బడి పెట్టాడు. పుర్రె ఎముకల కదలికలను చేత్తో సరిచేయవచ్చన్న శాఖ ఆయన శిష్యుడు సదర్లాండ్‌ది. మెడ, దవడ బిగుతు వదిలిస్తే నాలుక బాగా ఆడుతుందన్న వాదన అక్కడి నుంచే వచ్చింది. అయితే పొర కత్తిరింపుకే రుజువులు పరిమితం. వైద్య రుజువులను కూడగట్టి చూసే కాక్రేన్ సంస్థ 2017 నాటి సమీక్ష 302 మంది శిశువులతో జరిగిన ఐదు ప్రయోగాలను పరిశీలించింది. తల్లి చనుమొన నొప్పి కొంతకాలం తగ్గిందని తేలింది కానీ, బిడ్డ పాలు తాగడం మెరుగైందని నిలకడగా తేలలేదు. కత్తిరింపు సంగతే ఇలా ఉంటే, దాని ముందూ వెనకా చేసే మర్దనకు పెద్ద ఫలం ఆశించడం తొందరపాటే.

తరతరాలుగా పిల్లలు బాగానే పెరిగారు కదా అంటారు. పొర ఉన్నా ఇబ్బంది లేని బిడ్డలు చాలామంది. వాళ్లు ఏ సేవా లేకుండానే పెరిగేవారు. పాలు అందక చిక్కిపోయిన వాళ్లను లెక్కపెట్టిన వాళ్లు లేరు. చేస్తే పోయేదేముందన్న వాదన ఇంకా బలమైనది. అయితే హాని లేదని తోచినదంతా హాని లేనిది కాదు. వసను ఆహారంలో వాడటాన్ని అమెరికా 1968లోనే నిషేధించింది. మర్దన నొప్పి పెట్టకపోవచ్చు, కానీ డబ్బూ, అంతకన్నా విలువైన తొలి వారాలూ దానికి పోతాయి. ఆ వారాల్లో ముందు చూడాల్సింది బిడ్డ రొమ్ము పట్టే తీరు. అది సరిచేసినా పాలు అందకపోతేనే కత్తిరింపు మాట. ఆస్పత్రిలో పురుడైన ఇంటికి ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు వెళ్లి, బిడ్డను తూచి, పాలు పట్టే తీరు చూడాలని 2011 నుంచి నియమం ఉంది. లాల పోసే ఆవిడ చేసిన మేలైన పనికి నిజమైన వారసురాలు ఆమె. ఊళ్లు బలపరచుకోవాల్సింది ఆ రాకపోకలనే.