మాంత్రికుడు ఏ ఊరివాడు? ఉస్మాన్‌గంజ్ నేపథ్యంగా కౌమార ఫాంటసీ నవలలో పాత్ర, పురాణ కల్పన

తెలుగు అద్భుత కథల్లో నాయకుడు చాలావరకు మన ఊరివాడే. మాంత్రికుడు మాత్రం ఎక్కడినుంచో వస్తాడు. 1951లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'పాతాళభైరవి'లో తోటరాముడు ఉజ్జయినిలో పుట్టి పెరిగిన కుర్రవాడు. ఎస్.వి.రంగారావు వేసిన మాంత్రికుడు నేపాళం నుంచి దిగాడు. బుర్రకథల్లో బాలనాగమ్మను ఎత్తుకుపోయినవాడు మాయల ఫకీరు. అదే కథను 1942లో జెమినీ సంస్థ తెరకెక్కించినప్పుడు గోవిందరాజుల సుబ్బారావు ధరించిన పాత్ర మాయల మరాఠీ అయింది. ఇది తెలుగువాళ్లకే ఉన్న అలవాటు కాదు. అల్లావుద్దీన్‌ను గుహలోకి దించిన మాంత్రికుడూ చీనా దేశం వాడు కాడు, ఉత్తరాఫ్రికాలోని మగ్రిబ్ నుంచి వచ్చినవాడు. అలెప్పోకు చెందిన హన్నా దియాబ్ 1709లో పారిస్‌లో ఆ కథను ఫ్రెంచి అనువాదకుడు గాలాకు చెప్పినప్పటి నుంచి అది లోకమంతా తిరుగుతోంది.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పాఠకుల కోసం ఇవాళ ఫాంటసీ నవల రాయబోయే తెలుగు రచయిత ముందుగా తేల్చుకోవలసిన విషయం ఇదేనని నా వాదన. ఖడ్గాలు, మంత్రదండాలు, డ్రాగన్లు ఎలా ఉండాలన్నది తర్వాత చూసుకోవచ్చు. చెడు ఎక్కడినుంచి వస్తుందని కథ నమ్ముతోంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి హైదరాబాదులోని ఉస్మాన్‌గంజ్‌ను ఎంచుకున్నాను. పైన చెప్పిన పాత సూత్రం అక్కడ ఒక్క పూట కూడా నిలవదు.

ఏడవ నిజాం పేరు మోస్తున్న ఈ టోకు వ్యాపారాల పేట బేగంబజారుకు, అఫ్జల్‌గంజ్‌కు, మొజంజాహీ మార్కెట్టుకు నడక దూరంలో ఉంటుంది. మార్వాడీ, గుజరాతీ, మరాఠీ, కన్నడ, దక్కనీ ఉర్దూ, తెలంగాణ తెలుగు ఒకే కాంటా చుట్టూ వినిపిస్తాయి. బస్తా మోసే హమాలీది ఒక జిల్లా, చిట్టీ రాసే గుమాస్తాది ఇంకొకటి, దుకాణం యజమాని తాతది మరో రాష్ట్రం. ఇక్కడ పెరిగిన పిల్లవాడికి బయటివాడంటే ఎవరు? తనే కావచ్చు.

చుట్టుపక్కల పేర్లూ ఇదే చెబుతాయి. ఆబిడ్స్‌కు ఆ పేరు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసి, అక్కడ దుకాణం పెట్టిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్ వల్ల వచ్చింది. ఇక నాంపల్లిలోని యూసుఫైన్ దర్గా చరిత్ర ఏ నవలాకారుడి ఊహకూ తీసిపోదు. అక్కడ సమాధి అయిన యూసుఫ్ బాబా, షరీఫ్ బాబా 1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సైన్యంలో సిపాయిలుగా వచ్చారని చెబుతారు. ఒక రాత్రి గాలివాన డేరాలన్నిటినీ కూల్చేసినా వాళ్ల డేరాలో దీపం ఆరలేదని, ఇద్దరూ ఖురాన్ చదువుకుంటూ కనిపించారని భక్తులు చెప్పుకుంటారు. కోటను కొల్లగొట్టడానికి వచ్చిన దండులోని ఇద్దరిని ఆ ఊరే తన పుణ్యపురుషులను చేసుకుంది. పై ఊరివాడిని మాంత్రికుణ్ని చేసే కథలకు ఎదురుగా నిలిచే స్థల పురాణం ఇది. వేర్వేరు మతాల వాళ్లు అక్కడ చాదర్ కప్పుతున్నప్పుడు జనం ఈ పురాణాన్ని ఇప్పటికీ రాస్తున్నట్టే లెక్క.

మాంత్రికుడి జన్మస్థలం తీసేస్తే తెలుగు కథ కూలిపోతుందా? బాలనాగమ్మ కథే దీనికి జవాబు. ఫకీరు మరాఠీగా మారినా కథలో ఒక్క ముడి కూడా కదల్లేదు. కదలనివి వేరే ఉన్నాయి. నోము పేరు చెప్పి బాలనాగమ్మ గడువు సంపాదించుకుంది. ఆ గడువు ముగిసేలోగా కొడుకు బాలవర్ధి పెరిగి రావాలి. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంది. ఈ మూడూ ఒకదాన్నొకటి లాగుతుంటే కథ నడుస్తుంది. బాలవర్ధిని ఇవాళ్టి భాషలో చెప్పాలంటే సంపూర్ణ కౌమార నాయకుడు. తండ్రి లేడు, తండ్రి అన్నదమ్ములు లేరు, పెద్దలు చేయలేని పని తన మీద పడింది. 'ఫకీరు', 'మరాఠీ' అన్న మాటలు మాత్రం ఆయా కాలాల భయాలు అంటించిన చీటీలు. చీటీ మారినా సరుకు మారలేదు.

ప్రాణాన్ని వేరేచోట దాచడమనే ఊహ గోల్కొండకు కూడా కొత్తది కాదు. అబ్దుల్లా కుతుబ్‌షా ఆస్థాన కవి గవ్వాసీ 17వ శతాబ్దంలో సైఫుల్ ములూక్, బదీఉల్ జమాల్‌ల కథను దక్కనీలో మస్నవీ అనే కథాకావ్యంగా రాశాడు. ఆ కథ అరబ్బీ రూపం 'వెయ్యిన్నొక్క రాత్రులు'లో ఉంది. అందులో ఒక జిన్ను తన ప్రాణాన్ని పిచ్చుక గొంతులో పెట్టి, ఆ పిచ్చుకను పెట్టె మీద పెట్టెలో బంధించి సముద్రంలో వదులుతాడు. బుర్రకథలో చిలుక, అరబ్బీ కథలో పిచ్చుక. మూసీ ఒడ్డున ఈ రెండు కథాలోకాలూ పక్కపక్కనే బతికాయి. కాబట్టి ఉస్మాన్‌గంజ్ రచయిత ఒక సంప్రదాయాన్ని ఎంచుకుని మరొకదాన్ని వదులుకోనక్కరలేదు.

దాస్తాన్లు అనే ఉర్దూ అద్భుత కథల నుంచి తీసుకోవలసిన పాఠం ఇంకొకటుంది. 1883 నుంచి లక్నోలో నవల్‌కిశోర్ ప్రెస్ అచ్చువేసిన 'తిలిస్మె హోష్‌రుబా'లో మాయాలోకానికి ఒక కట్టడి ఉంటుంది. ఆ మాయాలోకాన్ని, అంటే తిలిస్మాన్ని, కట్టినవాళ్లే దాని అంతాన్ని కూడా రాసిపెడతారు. దాన్ని ఎలా ఛేదించాలో చెప్పే పలక ఎక్కడో ఉంటుంది. మాయకు హద్దు, గడువు, యజమాని ఉన్నాయన్నమాట. ఇవాళ వస్తున్న చాలా ఫాంటసీ రచనల్లో నన్ను నిరాశపరిచేది ఈ కట్టడి లేకపోవడమే. నాయిక చిక్కుల్లో పడగానే ఆమెలో ఒక కొత్త శక్తి పుట్టుకొస్తుంది. పదిహేనేళ్ల పాఠకురాలు దీన్ని వెంటనే పసిగడుతుంది, అప్పటినుంచి ఆమెకు భయం వేయదు.

శక్తి మనిషిలో కాకుండా చోటులో ఉండే పద్ధతి మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. తెలంగాణకు చెందిన కొరవి గోపరాజు 15వ శతాబ్దంలో తెలుగు చేసిన 'సింహాసన ద్వాత్రింశిక' కథాచట్రాన్ని చూడండి. చేలో మంచె ఎక్కినంతసేపు దానగుణంతో మాట్లాడే బ్రాహ్మణుడు కిందికి దిగగానే పిసినారి అవుతాడు. ఆ నేల కింద విక్రమార్కుడి సింహాసనం పూడి ఉంది. నాకు తెలిసినంతలో స్థలబద్ధమైన మాయను ఇంత తక్కువ మాటల్లో స్థాపించిన సన్నివేశం మరొకటి లేదు. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు సంపుటాల 'కాశీ మజిలీ కథలు'లో ఇంకో దారి పట్టారు. ప్రతి మజిలీలోనూ శిష్యుడి కంట ఏదో వింత పడుతుంది, అడుగుతాడు, గురువు మణిసిద్ధుడు దాని కథ చెబుతాడు. చోటు ముందు, పురాణం తర్వాత. నవలకు లోకాన్ని కల్పించేవాళ్లు ముందు దేవతల వంశవృక్షం గీసి, తర్వాత పటం గీస్తుంటారు. సుబ్బన్న దీక్షితుల క్రమమే మేలని నా అభిప్రాయం.

పాత్రల విషయానికొస్తే దాసరి సుబ్రహ్మణ్యం దగ్గర ఆగక తప్పదు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'చందమామ'లో ఆయన రాసిన పన్నెండు సీరియళ్లు, వాటికి చిత్రకారుడు చిత్రా గీసిన బొమ్మలు కొన్ని తరాల తెలుగు పిల్లల ఊహాలోకానికి రూపమిచ్చాయి. పేర్లు పెట్టడంలోనే ఆయన పాత సూత్రం నుంచి పక్కకు తప్పుకున్నారు. 'రాకాసిలోయ'లో బ్రహ్మదండి మాంత్రికుడికి చేతిలోని దండం పేరు పెట్టింది. మరో సీరియల్‌కు భల్లూక మాంత్రికుడే శీర్షిక అయ్యాడు. ఆ పేర్లలో దేశం లేదు. నాయకులను ఆయన జంటలుగా నడిపించారు. 'మాయాసరోవరం'లో జయశీలుడు, సిద్ధసాధకుడు. 'యక్షపర్వతం'లో ఖడ్గవర్మ, జీవదత్తుడు. కత్తి పట్టినవాడి పక్కన దండం పట్టినవాడు. ఒకడు తొందరపడితే రెండోవాడు ఆలోచిస్తాడు. ఆ ఇద్దరి సంభాషణలోనే స్వభావాలు బయటపడతాయి కాబట్టి రచయిత వర్ణించవలసిన పని తగ్గుతుంది. 'శిథిలాలయం'లో శబర యువకుడు శిఖిముఖిని నాయకుణ్ని చేయడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

ఈ సామగ్రి అంతటితో ఉస్మాన్‌గంజ్‌లో ఒక నవలను ఎలా కట్టవచ్చు? పురాణం కోసం మూసీ దగ్గరికే పోవాలి. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద ఈ ప్రాంతాన్నంతా ముంచేసింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మహబూబ్ అలీఖాన్ స్వయంగా నదికి పూజ చేసి శాంతింపజేశాడని జనశ్రుతి. పాము కరిచినవాళ్లు ఆయన పేరు తలిస్తే విషం దిగుతుందని, అర్ధరాత్రి వచ్చినా తనను లేపమని ఆయన ఆజ్ఞ ఇచ్చాడని కూడా చెప్పుకుంటారు. ఈ రెండో కథలో నన్ను ఆకట్టుకున్నది ఆ ఆజ్ఞే. శక్తి ఉన్నవాడు నిద్రను చెల్లించుకుంటున్నాడు. శక్తికి వెల కట్టడం జనానికి ఎవరూ నేర్పలేదు.

ఇక ప్రతినాయకుడు. 1968లో వచ్చిన ఉర్సులా లె గ్విన్ తొలి ఎర్త్‌సీ నవలలో నాయకుడు గెడ్‌ను తరిమే నీడ అతని గర్వం నుంచే బయటపడింది. అలాగే ఉస్మాన్‌గంజ్ మాంత్రికుడు కూడా పేటలోనే పుట్టాలి. వరదలో కొట్టుకొచ్చిన పరాయి సొమ్మును దాచిపెట్టి, సొంతదారులు వస్తే ఇస్తానని మాటిచ్చి, ఇవ్వనివాడు అనుకుందాం. చెల్లని మాట అతన్ని చావనివ్వదు. అతని ప్రాణం ఎక్కడుంటుంది? ఏడు సముద్రాల అవతల కాదు, ఒక దొంగ తూకంరాయిలో. అది చేతులు మారుతూ కాంటాల మీదికి ఎక్కుతూనే ఉంటుంది. ప్రాణం దాచిన చోటు ఆ మనిషి చేసిన తప్పును చూపించాలి. చిలుక కథలో ఈ పొందిక లేదు. కొత్త రచయిత దానికి కలపగలిగింది ఇదేననుకుంటాను.

ఆ రాయిని కనిపెట్టగలిగేది ఎవరు? రాజవంశపు రహస్య వారసురాలు అక్కర్లేదు. పాలమూరు నుంచి వలస వచ్చిన హమాలీ కూతురు చాలు. బస్తా భుజానికెత్తగానే తూకంలో తేడాను పట్టేసే తండ్రి దగ్గర పెరిగిన పదిహేనేళ్ల పిల్ల. ఆమె శక్తి పనిలోంచి వచ్చింది, దానికి వెల తండ్రి నడుము చెల్లించింది. జంటగా దుకాణదారు మనవణ్ని పెట్టవచ్చు. లెక్కలు అతనివి, బరువులు ఆమెవి. దొంగరాయి తన తాత గల్లాపెట్టె పక్కనే ఉందని తేలినప్పుడు అతను ఏం చేస్తాడన్నదే నవలకు గుండెకాయ. అక్కడ మంత్రం ఏదీ అక్కరకు రాకూడదు.

చివరగా మాట. 'పాతాళభైరవి'లో జనం నోట నిలిచిన సంభాషణల్లో ఎక్కువ మాంత్రికుడివే. రచయిత పింగళి నాగేంద్రరావు అతనికి ప్రత్యేకమైన పలుకుబడిని సృష్టించారు. తర్వాత చాలామంది యాసను విలన్లకూ హాస్యానికీ పంచి, నాయకుడికి పుస్తకభాష మిగిల్చారు. ఉస్మాన్‌గంజ్ నవలలో ఈ పంపకం చెల్లదు. నాయిక తెలంగాణ తెలుగులో ఆలోచించి దక్కనీలో బేరమాడుతుంది, ఆమె స్నేహితుడు ఇంట్లో మార్వాడీ, వీధిలో తెలుగు మాట్లాడతాడు. మాంత్రికుడు ఈ భాషలన్నీ వాళ్ల కంటే బాగా మాట్లాడతాడు, ఎందుకంటే అతను ఆ పేటలో అందరికంటే పాత కాపు. శ్రీకాకుళంలో చదివే పిల్లకు 'కాంటా', 'హమాలీ' మాటలు తెలియకపోయినా పర్వాలేదు. నాయిక బస్తా ఎత్తిన మొదటి పేజీలోనే వాటి అర్థం ఆమె భుజానికి తెలుస్తుంది.