ఐడ్లింగు వేగము: పుట్టుపూర్వోత్తరములు

విజయనగరము నుండి సాలూరు మీదుగా రాయపూరునకు పోవు జాతీయ రహదారి మీద, చంపావతీ నదికి చేరువగా నున్న గజపతినగరమున, కారు షెడ్డునకు వచ్చిన డ్రైవరు మేస్త్రీతో “రేసు దిగడం లేదు” అని చెప్పినచో, యాక్సిలరేటరు మీదినుండి పాదము తీసినను ఇంజను వడి తగ్గక రొద పెట్టుచున్నదని అర్థము. ఈ వ్యాధి మోటారుబండితోపాటు పెరిగినదే గనుక దీని చరిత్ర నెరిగినవారికి దీని చికిత్సయు సులభమగును.

1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడుచక్రముల బండి ఇంజను నిండుబలముతో పనిచేయునపుడు తిరిగిన వేగము నిమిషమునకు సుమారు 400 చుట్లు మాత్రమే. నేటి పెట్రోలు కారు కదలక నిలిచి యుండగా ఇంజను తిరుగు వేగము, అనగా ఐడ్లింగు, సాధారణముగా 700 మొదలు 900 వరకు నుండును; ఆ తొలిబండి పరుగుకంటె ఈనాటి బండి విశ్రాంతియే వడిగలదన్నమాట! 1893లో విల్‌హెల్మ్ మైబాఖ్ సన్నని రంధ్రము గుండ పెట్రోలును గాలిలోనికి చిమ్మించు కార్బురేటరును రూపొందించెను. గాలిదారికి అడ్డముగా తిరుగుడుపలక, అనగా థ్రాటిలు, వాడుకలోనికి వచ్చిన పిదప ఇంజను వేగము మనుష్యుని చేతికి లొంగినది. 1908 నాటి ఫోర్డు మోడల్-టి బండిలో నిది స్టీరింగు క్రింది చేతిమీటకు ముడిపడి యుండెను గావున, నిలిచినపుడు ఎంత వడి కావలెనో డ్రైవరు వ్రేలే నిర్ణయించెడిది.

కాలితో నొక్కు యాక్సిలరేటరు రాగానే, పాదము తీసినపుడు పలక పూర్తిగా మూసికొని ఇంజను ఆరిపోకుండుటకై దాని నొకింత తెరచి యుంచు చిన్న స్క్రూ అవసరమయ్యెను. మన అంబాసిడరులలో పెక్కింటికి అమరిన ఎస్.యు. కార్బురేటరును కనుగొన్న జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్ పాదరక్షల వర్తకుల కుటుంబమువాడు. అందులో లేచిపడు భాగము తొలుత తోలుతిత్తియై, తరువాత లోహపు పిస్టనుగా మారినదని తెలిసినపుడు, ఆ కుటుంబవృత్తి యిందు కొంత పనిచేసినదేమో యని నాకు తోచును. సాలూరు దాటి ఘాటు నెక్కి, 800 మీటర్లకు పైబడిన కొరాపుట్టు చేరునపుడు గాలి పలుచబడి, పెట్రోలు పాలు హెచ్చి, ఐడ్లింగు పడిపోవును. అచ్చట స్క్రూ బిగించుకొని, మరల మైదానమునకు దిగిన కార్బురేటరు బండి రేసు నెక్కువచేసికొనుట సహజమే.

1967లో జర్మనీయందు బాష్ సంస్థ డి-జెట్రానిక్ పేర ఎలక్ట్రానిక్ ఇంజెక్షనును ప్రవేశపెట్టినపుడు, చల్లని ఇంజనునకు అదనపు గాలి నందించి, వేడెక్కినకొలది దానిని మూసివేయు ప్రత్యేక పరికర మొకటి దానితో వచ్చెను. మన దేశమున 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు ఐడ్లింగులో వెలువడు కార్బన్ మోనాక్సైడును నాలుగుచక్రముల పెట్రోలు బండ్లకు 3 శాతమునకు మించరాదని శాసించెను. 2000 తరువాత కార్బురేటరు క్రొత్త కార్లనుండి క్రమముగా నిష్క్రమించెను. స్క్రూ చేయు పనిని కంప్యూటరు చేతనుంచుకొన్నది.

అయినను వ్యాధిమూలము మారలేదు. ఐడ్లింగులో థ్రాటిలు దాదాపు మూసి యుండుటచే మానిఫోల్డులో పీడనము మిక్కిలి తగ్గి, చీలిన గొట్టము నుండియో, వదులైన గ్యాస్కెట్టు నుండియో బయటిగాలి లోనికి చొరబడును. కార్బురేటరు బండిలో నిది మిశ్రమమును పలుచన చేసి ఇంజనును కుంటించును. పలు ఇంజెక్షను బండ్లలోనన్ననో, పీడనమును కొలుచు సెన్సారు ఆ గాలికి తగిన పెట్రోలును గూడ పంపుటచే రేసు పెరుగును. కేబులు బిగిసినను, థ్రాటిలు పలక చుట్టు మసి చేరినను, నీటి వేడిని తెలుపు సెన్సారు చెడి ఇంజను ఇంకను చల్లగానే యున్నదని తప్పుగా తెలిపినను ఫలిత మదియే.

కావున మేస్త్రీలకును కారు యజమానులకును నా విన్నపము: స్క్రూ మీద చేయి వేయుటకు ముందు ఇంజనును వేడెక్కనిచ్చి, కేబులు నిండుగా వెనుకకు వచ్చుచున్నదో లేదో చూచి, బ్రేకు బూస్టరు గొట్టము మొదలుకొని ఒక్కొక్క వాక్యూము గొట్టమును కొంతసేపు నొక్కిపట్టుడు. ఏ గొట్టము నొక్కగానే రేసు దిగునో, ముందుగా ఆ గొట్టమును, దానికి తగిలిన భాగమును పరీక్షింపుడు.